పల్లమెరిగిన చలి

మూడో రోజు కూడా గుర్రాలు దొరకలేదు.
గిట్టల గుర్తులు వాగు దాకా వచ్చాయి,
అవతలి గట్టు ఎక్కలేదు.
పొద్దు కొండ భుజం మీంచి జారుతోంది.
"ఇక చోటు చూడు" అంది జూరకాన్ అత్త,
పొయ్యిలో పుల్ల ఎగదొయ్యమన్నంత తేలిగ్గా.

చోటు చూడటమూ ఒక పనేనా?
బిష్కెక్‌లో నాలుగో అంతస్తులో పుట్టినవాణ్ణి,
గోడ ఎటుంటే అటు పక్క వేసుకున్నవాణ్ణి.
నా వీపున నారింజరంగు డేరా,
నిరుడెవరో జర్మన్ కుర్రాడు వదిలేసి పోయింది.
విరిగిన దాని కర్రకు అర్చా కొమ్మతో కట్టు.

వాగు వంపులో పచ్చిక ముందు నాకే కనిపించింది.
చాప పరిచినట్టుంది. పక్కనే నీళ్ళు.
పూలు కూడా, పసుప్పచ్చవి.
"ఇక్కడే!" అన్నాను.
అత్త గుర్రం దిగలేదు.
కొరడా కొసతో, నా తలకంటే ఎత్తున
పొదలో చిక్కుకున్న ఎండుగడ్డిని చూపించింది.
దాన్నక్కడ పెట్టింది గాలి కాదట.
పైన మంచు మధ్యాహ్నమంతా కరిగితే
ఆ నీళ్ళు ఇక్కడికి నడిచొచ్చేసరికి
అర్ధరాత్రవుతుందట.

ఇంకాస్త పైన గిన్నెలాంటి గుంట.
గాలి సోకడం లేదు. నా మొహం చూసి నవ్వింది.
"నీళ్ళే కాదురా, చలి కూడా పల్లమెరుగు."
రాత్రి శిఖరం మీంచి దిగి
చప్పుడు చెయ్యకుండా
పాలు పోసినట్టు నిండుతుందట గుంటలో.
గొర్రెపిల్లలు నిద్రలోనే కట్టెల్లా బిగుసుకునేది
ఇలాంటి చోటనేనట.

ఆ తర్వాత నేనేమీ చూపించలేదు.

ఆమె దిగి నడిచింది.
నాచు పట్టిన రాళ్ళను పాత చుట్టాల్లా దాటింది,
అంచులు తెల్లగా ఉన్నవాటి దగ్గర తలెత్తి
అవి దొర్లిన వాలును చాలాసేపు చూసింది.
గడ్డి ఎటు ఒరిగిందో చూసి
గాలి ఇంటిపేరు చెప్పింది.
ఒకచోట ఆగి, గొంగళి కోటుతోనే
వెల్లకిలా పడుకుంది
అరవయ్యేళ్ళ మనిషి, చేతులు చాపి, కళ్ళు మూసి.
నాకు గుండె ఆగినంత పనైంది.
"తల ఎటుండాలో నేలే చెబుతుంది"
కళ్ళు తెరవకుండానే అంది.
కాస్త జరిగింది. మళ్ళీ జరిగింది.
నడుం కింద గుచ్చుకున్న రాయొకటి పీకి
అవతలికి విసిరేసింది.

చూడ్డానికేమీ లేని చోటది.
వాలు మీద ఒక మెట్టు, అంతే.
పూలు లేవు. నీళ్ళకు రెండొందల అడుగులు దిగాలి.
డేరా విప్పుతుంటే కాలికి తగిలాయి
గడ్డిలో సగం కూరుకుపోయిన రాళ్ళు,
గుండ్రంగా, ఒక మనిషి పడుకునేంత మేర.
"ఎవరు పేర్చారు?"
"నా పెళ్ళినాటికే పాతవి."
వాటికే తాళ్ళు కట్టాం.
ఎన్నడో ఎవరో ఇక్కడే వెల్లకిలా పడుకుని
కాస్త జరిగి, మళ్ళీ జరిగి ఉంటారు.

రాత్రి నాకు నిద్ర లేదు.
నిజం చెప్పాలంటే, వరద కోసం ఎదురుచూశాను.
అత్త మాట నిలబడాలని,
ఆ పసుప్పచ్చ పూలు మునిగిపోవాలని.
అత్త మాత్రం గురకపెడుతోంది
వాగుతో పోటీ పడుతూ.

తెల్లారగానే పరుగున దిగాను.
గుంటలో గడ్డి ముసలివాళ్ళ గడ్డంలా నెరిసింది.
వాగు వంపు మాత్రం పొడిపొడిగా ఉంది.
పూలు నన్ను చూస్తూ నిలబడే ఉన్నాయి.
పైకొచ్చి చెప్పాను, కొంచెం గర్వంగానే.
అత్త టీలో ఉప్పు వేసి కలుపుతూ
"రానిది నిన్న రాత్రే కదా" అంది.

డేరా మడిచాం.
నలిగిన గడ్డి పోచ పోచా లేస్తోంది,
మా ఇద్దరినీ మర్చిపోయే పనిలో.
నేను జీను బిగిస్తుంటే అత్త వంగి దేనికోసమో వెతికింది.
నిన్న విసిరేసిన రాయి.
వలయంలో ఖాళీ ఉన్నచోట దాన్ని పెట్టి
మడమతో రెండుసార్లు అదిమింది.