సిమెంటు లేని గోడ

మా వర్క్‌షాపులో గోడలకి సిమెంటు వాడం.
సున్నం, ఇసుక, నీళ్లు. అంతే.
సోమవారం లేచిన గోడ శుక్రవారం మధ్యాహ్నానికి
రబ్బరు సుత్తి రెండు దెబ్బలకి లొంగాలి.
ఇటుకలు గోకి, దులిపి, పేర్చిపెట్టాలి
వచ్చే వారం పిల్లలకి.
పదకొండేళ్లుగా గ్రిమ్స్‌బీ కాలేజీలో నా ఉద్యోగం ఇదే:
పనిముట్లు లెక్కపెట్టి ఇవ్వడం, లెక్కపెట్టి తీసుకోవడం,
గోడలు కూల్చడం.

కొన్ని ఇటుకలు మొహం చూసి గుర్తుపడతాను.
మూల విరిగిన ఎర్రది ఒకటుంది,
ఏ గోడలోనూ అయిదు రోజులకి మించి కాపురం చెయ్యలేదు.

డేన్‌కి పంతొమ్మిది.
రేవు గాలిలో చేపల వాసన పోయి చాలా కాలమైందని
వాళ్ల తాత అంటాడట.
వాడి చెయ్యి మంచిది. రసమట్టం ఆనించగానే
బుడగ నిద్రపోయిన పసిపిల్లలా మధ్యలో ఆగుతుంది.
లెవెల్ టూ సర్టిఫికెట్ ఇంట్లో మైక్రోవేవ్ మీద ఉంది.
సైటుకెళితే అనుభవం ఉందా అన్నారు.
అనుభవం ఎక్కడొస్తుందంటే సైటులో అన్నారు.
మా వైపు దీనికో సామెత ఉందిలే అని చెప్పాను:
పిచ్చి కుదిరితే పెళ్లి కుదురుతుంది,
పెళ్లి కుదిరితే పిచ్చి కుదురుతుంది.
వాడు నవ్వలేదు.
"ఇందులో పిచ్చి ఎవరికి?" అన్నాడు.

జాబ్‌సెంటర్‌లో పథకం పేరు మళ్లీ మారింది.
ఫారం అదే. పైన పసుపు హెల్మెట్ పెట్టుకున్న
అమ్మాయి నవ్వూ అదే.
అప్రెంటిస్ కూలీ బస్సు పాసుకీ బూట్లకీ సరిపోతుంది,
అదైనా ఇచ్చేవాడు దొరికితే.
ఎవరో మంత్రి వచ్చి మా గోడ ముందు ఫొటో దిగాడు.
తాపీ తిరగేసి పట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు.

తాపీ.
మా భాషలో ఆ మాటకి రెండర్థాలు.
చేతిలో ఉంటే పని.
లేకపోతే, తాపీగా కూర్చున్నాడంటుంది
ఊరు ఊరంతా.

జూన్‌లో ఆఖరి శుక్రవారం డేన్ గోడ మీద సుత్తి వేశాను.
కదల్లేదు.
మళ్లీ వేశాను. మోచేతి దాకా జిల్లుమంది.
ఇటుకల సందులో గోరుతో గీకి చూశాను, బూడిద రంగు.
గేటు మెట్టు బాగుచెయ్యడానికి తెచ్చిన బస్తా
స్టోరు మూలన నడుం వంగి ఉంది.
వాడు కిటికీ దగ్గర గ్లవ్స్ విప్పుకుంటున్నాడు,
నా వైపు చూడకుండా.

రిజిస్టర్‌లో రాశాను:
సిమెంటు, అరబస్తా, గడ్డకట్టింది.
అబద్ధం కాదు కదా.

సెప్టెంబరు బ్యాచ్ వచ్చింది.
నడుమెత్తు గోడ, దారికి అడ్డమే.
పిల్లలు దాని మీద జాకెట్లు పడేస్తారు.
కింద నుంచి నాలుగో వరసలో
మూల విరిగిన ఎర్ర ఇటుక.
డేన్ ఇంకా ఫోన్ చెయ్యలేదు.