యాభై నాలుగో రంధ్రం తర్వాత

ఐబార్‌లో ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి నిలబడతాయి.
మా మెట్ల కింద, కారు పట్టని గ్యారేజీలో
నా బుల్లి మిల్లింగ్ మిషను ఉంది.
దాన్ని ఇద్దరు మోసుకొచ్చారు,
మూడోవాడు సలహాలు మోశాడు.

బయట సిరిమిరి.
ఇక్కడి సన్నజల్లుకు అదే పేరు,
గొడుగు తెరిస్తే నవ్వుతారు
తెరవకపోతే ఎముకల దాకా తడుస్తాం.

ముప్ఫై ఒక్క ఏళ్ళు కుట్టుమిషన్ల కార్ఖానాలో
తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నాను.
మంచి ముక్క కుడివైపు, చెడ్డది ఎడమవైపు.
ఎలా చెడిందని అడిగితే
“గర్బిన్యె, నీ పని చూడటమే” అనేవాళ్ళు.
ఇప్పుడు చెడగొట్టడం కూడా నా పనే.

పలక మూడు వందల మిల్లీమీటర్ల పొడవు,
అందులో సగం వెడల్పు, అరచేతికి చల్లగా.
పాత సామాన్ల ఇన్యాకి తూకానికి ఇచ్చాడు.
కాటా మీద వేలు ఆనించాడేమో, నేను చూడలేదు,
తనిఖీ మానేశాను కదా.

ఇరవై ఐదుకి ఒకటి చొప్పున పన్నెండు వరసలు,
వరసకి ఆరు. డెబ్బై రెండు రంధ్రాలు.
ఇక ఏ వంకర ముక్కనైనా ఎక్కడో ఒకచోట
పట్టి కూర్చోబెట్టొచ్చు. చెప్పడానికి అంతే.

చేతిచక్రం తిప్పగానే బల్ల కదలదు.
మరలో కాస్త ఆట ఉంది,
రెండో పిలుపుకి గాని లేవని పిల్లాడిలా.
అందుకే ఎప్పుడూ ఎడమ నుంచే రావాలి.
గీత దాటిపోతే వెనక్కి,
ఇంకాస్త వెనక్కి,
మళ్ళీ ఎడమ నుంచే.
మా చెల్లెలితో మాట్లాడటం కూడా ఇంతే,
అది ఇప్పుడెందుకులే.

కిరసనాయిలు చుక్క. బరమా దిగుతుంది.
వెండి ఉంగరాలు సుళ్ళు తిరుగుతూ లేచి
స్వెట్టరు అల్లికలో ఇరుక్కుంటాయి.
మంగళవారం రాత్రి ఒకటి రొట్టెలో తగిలింది.

యాభై నాలుగో రంధ్రం దగ్గర బల్ల ఆగిపోయింది.
ఇక పోదు. దాని లోకం అక్కడితో సరి.
పలకేమో ఇంకా మూడు వరసలు మిగిలి ఉంది.

కొల్దో మెట్లు దిగొచ్చి చూశాడు.
పనిముట్ల మేస్త్రీగా రిటైరైనవాడు.
“పెద్ద మిషను కొనాలి” అన్నాడు,
మోకాళ్ళ నొప్పికి కూడా అతను అదే చెప్తాడు.

ఆ రాత్రి పలకను విప్పాను.
అడుగున వేసిన చెత్త పలకలోకి కూడా
రంధ్రాలు దిగి ఉన్నాయి.
ఒకటో వరస కింద ఒక పిన్ను, ఆరో వరస కింద ఒకటి నాటి
పలకను ఎడమకు మూడు వరసలు జరిపి
నాలుగోదాన్నీ తొమ్మిదోదాన్నీ వాటి మీదికి దించాను.

టక్.

అంత చిన్న శబ్దం కోసం
ఇంతకుముందెప్పుడూ ఊపిరి బిగపట్టలేదు.
నిన్నటి రంధ్రాలే పట్టుకుని
పలక రేపటి రంధ్రాల కిందికి జరిగింది.
కొల్దోకి చెప్పలేదు. తలుపు మాత్రం తెరిచి ఉంచాను.

అరవై ఎనిమిదో దాంట్లో మరలు కోస్తుంటే
ట్యాపు విరిగింది. పంటి కింద రాయిలా.
గంట సేపు పీకి చూసి వదిలేశాను.
తనిఖీ బల్ల దగ్గరైతే ఎడమవైపు పోయేది.

చివరగా పై ముఖమంతా కత్తి నడిపాను.
ఈ బల్ల నడకలో ఒక ఒరుగు ఉంది,
పలక కూడా ఆ పక్కకి వెంట్రుకవాసి పలచబడింది.
డయల్ గేజి ముల్లు ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరికి
నిద్రపోతూ వెళ్తుంది.
ఇంకో మిషను మీద పెడితే ఈ పలక అబద్ధాలకోరు.
ఇక్కడ మాత్రం దీని మాట నిజం.

మూడో అంతస్తు ఉనాష్
తన ఎకార్డియన్ పట్టీ కొక్కెం విరిగిందని తెచ్చాడు,
ఆదివారం వాయించాలట.
ఇత్తడి ముక్క, మేక చెవిలా వంకర.
బిగింపు పెట్టబోతే
సరిగ్గా అరవై ఎనిమిదే కింద పడింది.

“విరిగింది లోపలే ఉందా?” అన్నాడు, వేలితో తడుముతూ.
ఉందన్నాను.
ముక్కను పక్క రంధ్రం దగ్గరికి జరిపి
చక్రం వెనక్కి తిప్పాను,
ఇంకాస్త వెనక్కి,
ఎడమ నుంచి వచ్చాను.