నాలుగు గళ్ళ నవ్వు

బ్ర్నో నగరంలో, కూరగాయల సంత వెనక సందులో
ద్రహోమీర పగలంతా పళ్ళు చేస్తుంది.
మైనంతో, పింగాణీతో
పై వరుస, కింది వరుస, ఒక్కోసారి ఒంటరి కోర.
తెలుపులో పదహారు రకాలున్నాయని ఆమె లెక్క:
టీ తాగేవాళ్ళ తెలుపు, చుట్ట కాల్చేవాళ్ళ తెలుపు,
అబద్ధమాడి నాలుక కరుచుకునేవాళ్ళ తెలుపు.

రాత్రి తొమ్మిది దాటాక,
నాలుగో నంబరు ట్రాము కిటికీ అద్దాల్ని వణికించి వెళ్ళాక
వంటబల్ల మీది రొట్టె పొడి తుడిచి
చచ్చిపోయినవాళ్ళకి పళ్ళు పెడుతుంది.

మ్యూజియంలో చూసింది కదా,
స్వరకర్తలు, చుక్కల్ని లెక్కపెట్టినవాళ్ళు, గాలిని తూచినవాళ్ళు
అందరూ నూనెరంగుల్లో పెదాలు బిగించి
ఉసిరికాయ బుగ్గన దాచుకున్నట్టు.
"గాంభీర్యమా పాడా" అంది కాపలావాడితో,
"పుచ్చిపళ్ళు, అంతే."
నవ్వచ్చో లేదో అతని ఉద్యోగ నిబంధనల్లో లేదు.

అలా పుట్టారు ఇద్దరు:
వెండెలీన్ స్తోపా, ఆస్థాన సంగీతకారుడు.
ఎజీడియస్ ప్లుంపె, వాయు శాస్త్రవేత్త.
ఒకే మేడ మీద అద్దె, ఒకే కుండలో సూపు.
ఏ శతాబ్దంలోనూ బతకలేదు కనుక
వారసులొచ్చి దావా వెయ్యరు.

గురువారం గురువారం నాలుగు గళ్ళు,
అరచేతిలో పట్టే తెర మీదికి.
మొదటి గడిలో ప్లుంపె గాజు జాడీలో గంట పెట్టి
గాలంతా తోడేస్తాడు.
రెండో గడిలో గంట ఊగుతుంది, చప్పుడు లేదు.
మూడో గడిలో స్తోపా గడ్డం గోక్కుంటాడు
(గోకే చెయ్యి గడి బయట).
నాలుగో గడిలో, ముప్పై రెండు పళ్ళతో:
"మిత్రమా, ఇందులో నా ప్రత్యర్థి పడతాడా?
ఒక్క మనిషే. ఒక్క వయొలిన్."
నవ్వు నాలుగు విధాల చేటని ఎవరన్నారో గానీ
గళ్ళ లెక్క మాత్రం సరిగ్గా చెప్పారు.

చేతులే రావు ఆమెకి.
వేళ్ళు ఒకసారి ఆరు, ఒకసారి నాలుగు,
ఒకసారి ముల్లంగి కట్ట.
అందుకే ప్లుంపె చేతులు ఎప్పుడూ పొగలో,
స్తోపావి కోటు జేబుల్లో, కచేరీ గడిలో కూడా.
ముక్కుతో వాయిస్తున్నాడని సర్దేసింది ఒక వారం.
జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది ఆ వారమే.

ఫిబ్రవరిలో ఒటకార్ జాబ్రాన్‌స్కీ వచ్చాడు
రంగు సరిచూసుకోవడానికి.
ముప్పై ఎనిమిదేళ్ళు ఒపెరా గోతిలో బసూన్ ఊదినవాడు.
ఇప్పుడు పై చిగురంతా బోసి.
కుర్చీలో కూర్చుని ఫోన్ తీశాడు.
అది ఆమె ముక్కు కచేరీ. గీసిందెవరో అతనికి తెలీదు.

నవ్వొచ్చింది.
ఠక్కున చెయ్యి నోటికి అడ్డం.
బొటనవేలు బుగ్గ కింద, కాయకాసి,
ఇంకా ఏదో మీట వెతుకుతున్నట్టు;
చిటికెన వేలు కాస్త ఎడంగా;
మిగతా మూటి సందుల్లోంచి
ఈలలా కారుతున్న నవ్వు.

ద్రహోమీర బిల్లు వెనక గీసుకుంది. ఐదు వేళ్ళు.
మళ్ళీ లెక్కపెట్టింది. ఐదే.

ఆ గురువారం స్తోపా మొదటిసారి జేబులోంచి చెయ్యి తీశాడు.
ఆమె ముందు పళ్ళన్నీ వేసింది, ఒక్కొక్కటీ, నీడలతో సహా,
తర్వాత వాటి మీద చెయ్యి.
కింద నవ్వుందో, దగ్గుందో,
పొద్దున్నే వచ్చిన ఉత్తరం ఏదైనా ఉందో
చూసినవాళ్ళకి తెలీదు.
పక్కనే ప్లుంపె త్రాసు పట్టుకుని:
"కాస్త తియ్యవోయ్ ఆ చెయ్యి, తూచాలి."

ఎక్కువమంది నవ్వలేదు.

శుక్రవారం ఒటకార్ పళ్ళు పెట్టుకుని
అద్దంలో అటూ ఇటూ తిరిగాడు.
"మరీ కొత్తవాటిలా ఉన్నాయే?"
"వాడితే పాతబడతాయి" అంది,
అతని చేతులకేసి చూస్తూ.