శివారు దాకా

నీటి సంఘానికి నన్ను ప్రెసిడెంటుని చేసిన సాయంత్రం
మెళ్ళో బంతిపూల దండ దురద పెడుతుంటే
లాకుల దగ్గర మైకులో పావుగంట మాట్లాడాను.
ఏం మాట్లాడానో గుర్తులేదు.
చప్పట్లు మాత్రం గుర్తున్నాయి.

లస్కరు నూకరాజు కొట్టలేదు.
చేతులకి గ్రీజు.
షామియానా విప్పేశాక
టార్చిలైటు నా చేతిలో పెట్టి
"కాలవ గట్టెంట నడవండి, ఆఖరు దాకా.
బండి వద్దండి" అన్నాడు.

దాళ్వా వరి పాలు పోసుకునే రోజులు.
వంతులవారీ నీళ్ళు.
మొదటి మైలంతా కప్పల గోల,
నా చేలో చీలమండ దాకా తడి.
రెండో మైలులో కప్పలు తగ్గాయి.
నాలుగో మైలులో
నా చెప్పుల చప్పుడే నాకు వినపడింది.

ఉప్పుగాలి తగిలే ఆ శివారులో
ఎండిన బోదె పక్కన గోనె పరుచుకుని
మరియమ్మ, ఒళ్ళో పార.
రెండు వంతులు రానేలేదట,
మూడోది నిద్దట్లో దాటిపోతుందేమోనని కాపలా.
నేను ఇంజనీరు గారి సంగతి చెప్పాను,
గుర్రపుడెక్క సంగతి, ధవళేశ్వరంలో మట్టం సంగతి.
అంతా విని అడిగింది:
"తమరి చేను ఎక్కడండి?"

తిట్టుంటే బాగుండేది.
టార్చి ఆర్పేశాను.

తొలికోడి వేళకి నా తూము నేనే దించాను.
తలుపు తుప్పు పట్టి బిగుసుకుపోయింది,
పదేళ్ళుగా ఎవరు మూశారు గనక!
భుజం ఆనించి తోస్తుంటే
నూకరాజు చూస్తూ నిలబడ్డాడు,
చెయ్యి వేయలేదు.

అంతటితో నేనేం మారిపోలేదు.
మా బావమరిది కాలవలో మోటారు దింపితే
మూడు రోజులు చూడనట్టే తిరిగాను.
నాలుగో రోజు పీకించాను.
వారం పాటు మా ఇంట్లో
కంచాల చప్పుడే, మాటల్లేవు.
మీటింగుల్లో ఇప్పటికీ గొంతు లేస్తుంది.
నూకరాజు టీ గ్లాసు బల్ల మీద పెడతాడు,
కాస్త గట్టిగా, అంతే.
కూర్చుంటాను.

మొన్న ఒక కుర్రాడొచ్చాడు,
ఈసారి తను నిలబడతాడట.
"నాయకుడికి ఏం ఉండాలండీ?" అన్నాడు, నోటుబుక్కు తెరిచి.
పెద్ద మాటలు నాలుగు నాలిక దాకా వచ్చాయి.
మింగి, టార్చి వెతికాను.
"కొత్త బ్యాటరీలు వేసుకో.
నాలుగో మైలులో కప్పలు అరుస్తున్నాయో లేదో
వచ్చి చెప్పు.
నేనటు వెళ్ళి
చాన్నాళ్ళయింది."