రెండు పాళ్లకు ఒక పాలు

మొదటి పలకను రెసినే తినేసింది.
నీళ్ల ట్యాంకులకు పూసే రెసిన్ అది, చవకది.
థర్మాకోల్ మీద పడీ పడగానే
చక్కెర మీద నీళ్లు చల్లినట్టు
నా మూడు వారాల చెక్కుడు
గుంటలు గుంటలై పోయింది.
ఆటోనగరంతా వచ్చి చూసి పోయింది.
"తిరుపతిలో సముద్రమేందిరా నాయనా" అని
లేత్ మిషన్ ఖాజా నవ్వి నవ్వి దగ్గినాడు.

నిజమే.
మా వీధిలో నీళ్లంటే వారానికి రెండు ట్యాంకర్లు.
కానీ పోయినేడు తూపిలిపాలెంలో
ఒక పడవకు చిల్లి మూస్తా మూస్తా తలెత్తినాను.
ఎవడో పిల్లోడు, విరిగిన తలుపు చెక్క మీద
నిలబడి వస్తావుండాడు.
నిలబడి. నీళ్ల మీద.
నా చేతిలో బ్రష్షు అట్లే గట్టిపడిపోయింది.

ఈసారి ఎపాక్సీ.
చెన్నై నుంచి పార్సిల్లో రెండు డబ్బాలు,
నెల జీతంలో సగం.
రెండు పాళ్లకు ఒక పాలు, కంటి కొలత పనికిరాదు.
నగల షాపు కుప్పయ్యాచారి కాళ్లావేళ్లా పడి
పాత త్రాసు తెచ్చినాను.
మే నెల. ఎండ తగిలితే గిన్నెలోనే ఉడికి
పొగ లేస్తుంది,
పాలు పొంగినట్టు కాదు, మనిషికి కోపమొచ్చినట్టు.
అందుకే నాలుగ్గంటలకు,
కొండ ఇంకా నల్లగా ఉన్నప్పుడే మొదలు.

ఆ వేళకే మొదటి బస్సు దిగి వచ్చింది దేశమ్మక్క.
కల్యాణకట్టలో రాత్రి షిఫ్టు.
ఎన్ని గుండ్లో లెక్క చెప్పదు.
చేతులు కడుక్కోని వచ్చి చూసి
"ఏందిరా ఇది, శవానికి గుడ్డ కప్పినట్టు" అనింది.

గాజుబట్ట మొదట అట్లే ఉంటుంది,
తెల్లగా, పొడిగా, అంచుల్లో వేలాడతా.
మధ్యలో పోసినాను.
పోసిన చోటల్లా తెలుపు చచ్చిపోయి
బట్ట బట్టగా లేకుండా పోయింది.
కింద నేను పెన్సిలుతో గీసిన నడిమి గీత
ఏట్లో అడుగు రాయిలా తేలి కనిపించింది.

నా లాగుడు మోటు.
పదిహేనేళ్లు లారీ మడ్‌గార్డులకు అతుకులేసిన చెయ్యి.
ఒకచోట చెరువు, ఒకచోట కరువు.
"ఇటీ" అనింది అక్క.
రబ్బరు ముక్క తీసుకోని వాలు చూసింది.
ఆ వాలు నాకు తెలుసు:
నుదుటి నుంచి వెనక్కి,
చెవి దగ్గర మెత్తగా తిరిగి,
తోలుకు తెలియకుండా.
ఎక్కువైన రెసినంతా నురగ మాదిరి
అంచు దాటి కాగితాల మీదికి జారింది.
ఆమె ఎడం చెయ్యి తనంతట తానే పోయి
పలక ముక్కును పట్టుకుంది,
ఏడ్చే పిల్లోడి గడ్డం పట్టుకున్నట్టు.
"కదలబాక" అనింది.
ఎవరితో అనిందో నేనడగలేదు.

తొమ్మిదికి, వేలు పెడితే ముద్ర పడి
జిగురంటని వేళ, లైటు వాల్చి చూస్తే
ముక్కుకు జానెడు ఇవతల ఒక వెంట్రుక.
పొడుగుది. కొసన గోరింటాకు ఎరుపు.
నాది కాదు, అక్కదీ కాదు.
ఆమె కొంగు పట్టుకోని కొండ దిగిందేమో,
ఏ ఊరి ఆడమనిషిదో.
బ్లేడు తీసినాను.
"అది మొక్కిన జుట్టురా" అనింది, అంతే,
అని గోడకానుకోని నిద్రపోయింది.
బ్లేడు మళ్లీ జేబులో పెట్టేసినాను.
తీస్తే బట్ట తెగుతుందని ఖాజాకు చెప్పినాను.
దాని మీదనే రెండో పూత.

శనివారం నాయుడుపేటకు ఖాళీ టమాటా బండి పోతావుంది.
పలక కట్టడానికి తాడు తెస్తానన్నాడు ఖాజా,
తానూ వస్తాడంట.
ఈత వచ్చునా అని అడిగినాను.
"నీకొచ్చునా?" అన్నాడు.

నాకూ రాదు.