ఎనిమిదేసి

పార్క్‌లేన్‌లో రెండో అంతస్తు,
మెట్ల పక్కన మంచమంత కొట్టు నాది.
శుక్రవారం నమాజు అయ్యాక వచ్చాడు
ఛత్తాబజార్ పెళ్లికార్డుల ముర్తుజా సాబ్,
చేతిరుమాల్లో చుట్టిన డిస్కుని
కోడిగుడ్డులా పట్టుకొని.

"డబ్బా వైరు ఊగుతున్నది బేటీ.
మూత పీకి లోపలిది సీదా సిస్టానికి తగిలిచ్చినం.
ఫార్మాట్ చెయ్యమంటున్నది."

తగిలించాను.
చెవి ఆనించి విన్నాను:
టిక్కుటిక్కు లేదు, గరగర లేదు,
గుడ్డ లేకుండా తిరిగే కుట్టుమిషను చప్పుడు.
తెర మీద మాత్రం
ఫైల్ సిస్టమ్: రా.
తెలుగులో చదివితే పిలిచినట్టుంటుంది.
పిలుపు కాదది.
వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?
ఎంత మర్యాదో చూడండి,
ఇల్లు కూల్చడానికొచ్చి
గుమ్మం బయట చెప్పులు విప్పినట్టు.

ఒకసారి అవునన్నాను నేను.
పనిలో చేరిన రెండో నెల.
ఒకే కంపెనీ, ఒకే సైజు, రెండు డిస్కులు.
రాత్రి ఆపి పొద్దున వెలిగించేసరికి
సున్నా ఒకటైంది, ఒకటి సున్నా అయింది.
పేరు చూసి నొక్కాను.
బోయిన్‌పల్లి డాక్టరమ్మ పదకొండేళ్ల ఎక్స్‌రేలు.
ఆమె తిట్టలేదు.
స్టూలు మీద కూర్చుని
మంచినీళ్లడిగింది.

అప్పట్నుంచి పేర్లు నమ్మను.
డిస్కు వీపు మీది సీరియల్ నంబరులో
చివరి నాలుగక్షరాలు
తెల్ల టేపు మీద రాసి అంటించాకే
నా వేలు మౌసు మీదికి పోతుంది.

సాబ్‌ దానికీ రాశాను, ఏడు కె నాలుగు క్యూ.
కేబుల్ మార్చాను. పోర్టు మార్చాను.
పాత బోర్డుకి చూపించాను, కొత్త బోర్డుకి చూపించాను.
అన్నీ ఒకటే మాట.
నాలుగు టెరాలని సైజు మాత్రం సరిగ్గా చెబుతాయి,
ఆస్తి ఎంతో తెలుసు, మనిషెవరో తెలియదు.
అందులో అర టెరాకి గీత గీసి
మిగతాది ఎవరిదీ కాదంటాయి.

అర టెరా.
అంటే ఎనిమిదో వంతు. సరిగ్గా ఎనిమిదో వంతు!

గుడిమల్కాపూర్‌లో మా మేనత్త
పది మూరలని కట్టిన దండ
నా చేతికి పన్నెండొచ్చింది ఓసారి.
పూలు పెరగలేదు.
చేయి మారింది.

"డబ్బా ఏది సాబ్?"
"కబాడీకిచ్చిన."
అయ్యో, దుబాసీని అమ్ముకున్నాడు.
ఆ ప్లాస్టిక్ డబ్బాలో బొటనవేలంత బోర్డు
ఇన్నేళ్లూ ఎనిమిదేసి గదులు కట్టగట్టి
ఒక్కటని చెబుతూ వచ్చింది కంప్యూటరుకి.
ఇప్పుడు మధ్యలో మనిషి లేడు.
డిస్కు నిజమే చెబుతోంది,
కంప్యూటరు సరిగ్గానే వింటోంది,
లెక్క మాత్రం కుదరదు.

మూడు రోజులు వెతికాను.
కోఠి గుజరాతీ గల్లీలో, చార్జర్ల కుప్ప కింద
అదే కంపెనీ, అదే ఏడాది డబ్బా,
లోపల ఎవరిదో చచ్చిన డిస్కు.
మూడొందలన్నాడు, రెండొందల ఇరవైకి ఇచ్చాడు.

బిగించాను.
తెరుచుకుంది.
వలీమాలు, గృహప్రవేశాలు, ఒడుగులు,
శ్రీరస్తు శుభమస్తు పక్కనే
కాతిబ్ హబీబ్ సాబ్ రాసిన బిస్మిల్లాలు నలభై రకాలు.
ఆయన చేయి ఇప్పుడు వణుకుతుందట,
చుక్క పెట్టబోతే గీతవుతుందట.
ముర్తుజా సాబ్ ఒక్కొక్కటి పెద్దది చేసి
చుక్కలు చూసుకుంటున్నాడు.
పెళ్లికూతురి పేరు తప్పు పడ్డ
పాత ప్రూఫొకటి కనపడి గట్టిగా నవ్వాడు.

కొత్త డిస్కుకి కాపీ పెట్టాను, ఈసారి సీదా లెక్కలో.
దీన్ని ఎఫ్ అంటోంది కంప్యూటరు.
పొద్దున ఇంకెవర్నో ఎఫ్ అంది, దానికి గుర్తుండదు.
టేపు చూసుకున్నాను, ఏడు కె నాలుగు క్యూ.
ఆరు గంటల నలభై నిమిషాలు మిగిలిందట.
అదీ అబద్ధమే.
షట్టర్ సగం దించి
రెండు చాయ్‌లు తెమ్మన్నాను.