ఉప్పుమడిలో గీతలు

ఇస్కపల్లి ఉప్పు కొటార్ల మీద
ఇంజను దగ్గింది, ఆగింది.
తెల్లటి మడిలో జారి
గట్టుకి జానెడు దూరంలో నిలబడింది విమానం.

దొరెవరో దిగుతాడనుకున్నాం.
దిగింది పెంచలమ్మ.
మోచేతుల దాకా నూనె మసి,
జడ చొక్కా లోపలికి దోపి.

మంచినీళ్ళు అడగలా.
గుడ్డపీలిక అడిగింది.
అమ్మ పైటకొంగు చించి ఇస్తే
ప్లగ్గు తుడుస్తా ఈల వేసింది.

"భయం గాదా మే?"
"అవుద్దక్కా, ఆకలి మాదిరి, పూటపూటకీ.
మీకు చెప్పాలా!"

పారలు పడేసి
పదకొండు మంది ఆడోళ్ళు తోశారు.
తోక నేను పట్టుకున్నా,
చేతుల్లోంచి లాక్కుని
సముద్రం మీదికి లేచిపోయింది.

ఆ మడిలో మూడు రోజులు
అమ్మ ఉప్పు గీకలేదు.
మేస్త్రి కూలి కోశాడు.
"కొయ్యనీ.
చక్రాల గీతలు
వాటంతటవే కరగనీ" అంది.